బొటనవేలు లేచినప్పుడు

ఆదివారం ఉదయం ఏడున్నరకే ఆ ఇంట్లో పథకం సిద్ధమైపోయింది. తొమ్మిదింటికి స్నానాలు, పదింటికి బయలుదేరడం, పదకొండింటికి పిల్లల నాటకం, ఒంటిగంటకి ముద్ర. అవును, ముద్రే. నాటకం చూడటం ఎందుకంటే ముద్ర కోసం. మీరు ఇంకేదో గొప్ప కారణం ఊహించుకుని ఉంటే ఆ తప్పు నాది కాదు.

సంగతేమిటంటే, ఐదేళ్ల పిడుగును చేర్పించాలనుకున్న బడి మామూలు బడి కాదు. "కళాహృదయం గల చిన్నారులకు మాత్రమే" అని గేటు మీదే రాయించుకున్న బడి. పిల్లకి కళాహృదయం ఉందో లేదో తేల్చుకోవడానికి వాళ్లొక కార్డు అచ్చు వేయించారు. అందులో మూడు గళ్లు: సంగీతం, నృత్యం, నాటకం. ఒక్కో ప్రదర్శనకీ పిల్లను కుటుంబసమేతంగా తీసుకెళ్లాలి, ఆఖరిదాకా కూర్చోబెట్టాలి, అక్కడివాళ్ల చేత గడిలో ముద్ర వేయించుకోవాలి. కార్డు అడుగున ఒక ఖాళీ గీత, దాని పక్కన "చిన్నారికి ప్రదర్శన కళలను పరిచయం చేసినవారు" అని ఉంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆ కార్డు పట్టుకుని ఇంట్లో ఉన్న పెద్దలందరూ ఇంటర్వ్యూకి రావాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా సీటు లేదు.

సంగీతం గడి నిండింది. కచేరీ మొదలైన పది నిమిషాలకే పిడుగు తల్లి ఒళ్లో గురక పెట్టింది. ఆ గురకకి ముద్ర పడింది. నృత్యం గడీ నిండింది. అక్కడ "ఆ అక్కకి అంత కోపం ఎందుకొచ్చింది? ఎవరేమన్నారు?" అని గంటన్నరసేపు అడుగుతూనే ఉంది. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసినా ఊరుకోలేదు. దానికీ ముద్ర పడింది. ఇక మిగిలింది నాటకం. అదీ ఆ ఆదివారమే ఆఖరి ఆట.

పిడుగు తండ్రి లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగి. రోజంతా మేడలెక్కి, తాళ్లు చూసి, బటన్లు నొక్కి, కాగితం మీద ముద్ర కొట్టి వస్తాడు. ముద్ర లేని వస్తువు మీద అతనికి నమ్మకం లేదు, ముద్ర ఉన్న వస్తువు మీద అనుమానం లేదు. కార్డు చేతికొచ్చిన రోజే అడుగున ఉన్న గీత మీద నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో "తండ్రి" అని రాసి పడేశాడు. తల్లి పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. రోజుకి నలభైమందికి "ఏం నొప్పుండదండీ" అని చెప్పి చెప్పి, ఇంట్లో గిన్నె జారిపడ్డా అదే మాట, అదే గొంతు.

ఏడూ ముప్పావుకి ఆమె ఫోన్ చూసి మంచం మీద కూలబడింది.

"ఏమండీ, టికెట్లు అయిపోయాయి."

"అయిపోవడమేంటి? నిన్న ఉన్నాయన్నావుగా?"

"నిన్న ఉన్నాయి. నిన్నే తీసుకోమన్నాను. మీరు లిఫ్టులో ఉన్నాను, సిగ్నల్ లేదన్నారు."

"అంటే తప్పు నాదేనన్నమాట! మరిప్పుడు ఏం..."

"చేద్దాం?" అని పక్క గదిలోంచి వినిపించింది.

పక్క గదిలో ఉన్నది తాతయ్య, అంటే పిడుగు తండ్రికి తండ్రి. ఇంట్లో ఎవరి మాట మధ్యలో ఆగినా మిగతాది ఆయన నోట్లోంచి వచ్చేస్తుంది. అది చాదస్తం కాదు, ఉద్యోగం. ఊళ్లో ఉన్న పెద్ద థియేటర్లో ముప్పై ఒక్క ఏళ్లు ప్రాంప్టర్‌గా పనిచేశాడు. నటులు మాట మర్చిపోతే అందించే మనిషి. స్టేజీ ముందంచున చిన్న గూడులాంటి చెక్క పెట్టె ఉండేది. దాంట్లో ఒదిగి కూర్చుని, నాటకం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అవసరమైనప్పుడు నటుడికి మాత్రమే వినబడేలా మాట విసరాలి. హాల్లో ఒక్కడికి వినబడినా పరువు పోయినట్టే. ఆ పెట్టెలోంచి ఆయనకి కనిపించేవి నటుల కాళ్లు మాత్రమే. ముప్పై ఒక్క ఏళ్ల నాటకాలూ ఆయన మోకాళ్ల దాకానే చూశాడు.

తొమ్మిదేళ్ల కిందట ఆ పెట్టె పీకేసి హాలు వెనక గోడకి తెర బిగించారు. నటుడి మాటలు దాని మీద నడుస్తూ ఉంటాయి, వెనక కూర్చున్న ఒకమ్మాయి బటన్ నొక్కుతూ ఉంటుంది. తాతయ్య మెడలో దండ వేసి, "జీవితకాలం ఉచిత ప్రవేశం, పాసుదారుకూ కుటుంబానికీ" అని ఒక పాస్ చేతిలో పెట్టి పంపేశారు. ఆ పాస్ ఆయన బల్ల సొరుగులో తొమ్మిదేళ్లుగా ఉంది. వెళ్దాం నాన్నా అని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. కొడుకు అడిగే రకం కాదు. చిన్నప్పుడు బడి దరఖాస్తులో "తండ్రి ఉద్యోగం" అన్నచోట "థియేటర్ మేనేజర్" అని రాసిన ఘనుడు. పెట్టెలో కూర్చుని గొణిగే ఉద్యోగం అని రాయడానికి వాడికి నామోషీ. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టింది తాతయ్యే. చదివి, ఏమీ అనకుండా పెట్టాడు.

"మావయ్యగారి పాస్!" అంది కోడలు, మంచం మీద నుంచి లేస్తూ.

అంతే, ఇద్దరూ ఆయన గది గుమ్మంలో నిలబడ్డారు. కొడుకు గొంతులో తేనె కారుతోంది.

"నాన్నా, ఇవాళ పాపని నాటకానికి తీసుకెళ్దామనుకుంటున్నాం. నీ పాస్ ఒకసారి..."

"ఇస్తావా?" అని అందించేసి, తాతయ్య నవ్వాడు. "ఇస్తానురా. కానీ నేను లేకుండా దాని మీద ఎవర్నీ రానివ్వరు. పాసుదారు, ఆయన కుటుంబం అని ఉంది. నేనూ వస్తాను."

మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు. ఆయన్ని తీసుకెళ్తే నాటకం పొడుగునా గొణుగుతాడు. తీసుకెళ్లకపోతే ముద్ర లేదు.

"సరే," అన్నాడు కొడుకు. "కానీ ఒక్క షరతు. అక్కడ నువ్వు నోరు తెరవకూడదు. చచ్చినా మాట అందించకూడదు. మాటివ్వు."

"ఇచ్చాను."

"దగ్గు బిళ్ల ఒకటి నోట్లో వేసుకోండి మావయ్యగారూ," అంది కోడలు. "ఏం నొప్పుండదు."

తాతయ్య గంట ముందే తయారైపోయి, బీరువా అడుగు నుంచి తీసిన కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిడుగు ఆయన వేలు పట్టుకుంది. ఆ పిల్లకి ఆ నాటకం ముందే తెలుసు. "పోయిన కిరీటం" అని పేరు. తాతయ్య అందించిన నాటకాల్లో అది ముఖ్యమైనది. పిల్లకి అన్నం తినిపించేటప్పుడల్లా ముద్దకో మాట చొప్పున మొత్తం చెప్పేశాడు. చెప్పనిది ఒక్క ఆఖరి అంకమే, ఎందుకంటే అది పిల్లలకి చెప్పేది కాదు.

"అసలు రహస్యం కాళ్లలో ఉంటుందే," అన్నాడు దారిలో. "నటుడు కావాలని ఆగితే రెండు పాదాలూ నేలకి అంటుకునే ఉంటాయి. మర్చిపోయి ఆగితే కుడికాలి బొటనవేలు పైకి లేస్తుంది. పాపం, వాడికే తెలీదు. మనం అది చూడాలి."

"అప్పుడు చెప్పెయ్యాలా తాతయ్యా?"

"అప్పుడే చెప్పాలి. అంతకుముందు చెబితే తప్పు. ఆ తర్వాత చెబితే దండగ."

"నాన్నా, పాపకి పిచ్చి పిచ్చివన్నీ నేర్పకు," అన్నాడు ముందు నడుస్తున్న కొడుకు.

థియేటర్ గుమ్మం దగ్గర పాస్ చూపిస్తే, అక్కడున్నతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది ఇంకా ఉందా అన్నట్టు చూసి, అదనంగా నాలుగు సీట్లు వేయించాడు. మూడో వరస, అంచున. తాతయ్య కూర్చుని స్టేజీ వైపు చూశాడు. పరదా లేచింది. ఆయన కళ్లు అలవాటుగా కింద నుంచి మొదలై మెల్లగా పైకి పాకాయి.

"ఓహో," అన్నాడు దగ్గు బిళ్ల పక్కకి నెట్టి, "వీళ్లకి తలకాయలు కూడా ఉంటాయన్నమాట."

"నాన్నా!"

"అందించలేదురా. మామూలుగా అన్నాను."

అంతకుముందే మేనేజరు స్టేజీ మీదకొచ్చి చెప్పి వెళ్లాడు. నాటకం పూర్తయ్యాకే కార్డుల మీద ముద్రలట. మధ్యలో ఆట ఆగిపోతే ముద్రలు లేవట. హాల్లో మూడొందల మంది పిల్లలుంటే, ఒడిలో కార్డు లేని తల్లి ఒక్కతీ లేదు. కళ అంటే ప్రజలకి అంత మక్కువ.

మొదటి అరగంట బాగానే గడిచింది. రాజు వేషం వేసింది అరవై దాటిన పెద్ద నటుడు. ఆయనని కాళ్ల చెప్పుల్లోంచి కనిపించే వేళ్లు చూసే తాతయ్య గుర్తుపట్టాడు, మొహం చూసి కాదు. కిరీటం పోయింది. నేరం యువరాణి మీద పడింది. రాజు కొలువు మధ్యలో నిలబడి కంచులా మోగాడు.

"కిరీటం దొంగిలించింది ఎవరో నాకు తెలిసిపోయింది! ఈ కొలువులోనే ఉన్నాడా దొంగ! వాడి పేరు..."

ఆగాడు. కావాలనే ఆగాడు. రెండు పాదాలూ నేలకి అతుక్కుని ఉన్నాయి. కానీ పిడుగు పొట్టిది, ముందున్నావిడ కొప్పు అడ్డం, కాళ్లు కనబడలేదు.

"మంత్రి!" అని అరిచింది.

హాలు గొల్లుమంది. ఇంకో గంటకి తెలియాల్సిన రహస్యం కాస్తా పోయింది. మంత్రి వేషగాడు గతుక్కుమని గడ్డం సర్దుకున్నాడు. ఇక మిగతా పిల్లలకి దారి దొరికింది. ఆఖరి అంకం దాకా రాజు ఊపిరి తీసుకోవడానికి ఆగినా "మంత్రి! మంత్రి!" అని నాలుగు వైపుల నుంచీ అరుపులు. ఆ అంకంలో వెనక బటన్ నొక్కే అమ్మాయి నవ్వు ఆపుకోలేక రెండు పేజీలు ముందుకి నొక్కేసింది, సర్దుదామని వెనక్కి నొక్కింది, ఇంకేదో నొక్కింది. తెర నల్లబడిపోయింది.

రాజు హాలు వెనక గోడ వైపు చూశాడు. అక్కడేమీ లేదు. "కనుక నేను ఇప్పుడు..." అన్నాడు. "ఇప్పుడు నేను..." అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు.

"తాతయ్యా," అంది పిడుగు, సీటు మీద నిలబడి, "బొటనవేలు లేచింది."

లేచింది. తాతయ్యకీ కనిపించింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. కోటు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. పెదాలు బిగించాడు. మాటిచ్చాడు మరి. స్టేజీ మీద ఆ మనిషి నుదుటి మీద చెమట రంగుతో కలిసి కారుతోంది. ఐదు సెకన్లు, పది సెకన్లు. పిల్లలు కూడా నిశ్శబ్దమైపోయారు. పరదా పక్క నుంచి మేనేజరు తల బయటికొచ్చింది. పరదా తాడు మీద ఎవరిదో చెయ్యి పడింది.

పరదా పడితే ఆట ఆగిపోయినట్టే. ఆట ఆగితే ముద్ర లేదు. పిడుగు తండ్రి పక్కకి వంగాడు.

"నాన్నా," అన్నాడు చెవిలో, "అందించు!"

తాతయ్య తిరిగి చూశాడు. "నోరు తెరవద్దన్నావు కదరా."

"ఇప్పుడు తెరవమంటున్నాను! చూస్తావేంటి, పరదా దించేస్తున్నారు!"

"వీళ్లు ఆడేది కొత్త పుస్తకం రా. చిలకా గిలకా పెట్టి మార్చేశారట. నాకు పాతదే వచ్చు."

"ఏదో ఒకటి! మాటకి మాట! తొందరగా కానీ నాన్నా, నీకు దణ్ణం పెడతాను!"

కొడుకు ఆయన్ని ఏదైనా అడగడం తొమ్మిదేళ్లలో అది రెండోసారి. రెండూ ఆ రోజే. తాతయ్య దగ్గు బిళ్ల చేతిలోకి ఉమ్మేసి, తల కాస్త ముందుకి వంచి, మాట విసిరాడు. పక్కన కూర్చున్న కోడలికి కూడా వినబడలేదు. స్టేజీ మీద రాజుకి వినబడింది.

"ఆ గిన్నె ఇలా తెండి."

ఇక్కడ కొంచెం చెప్పాలి. కొత్త పుస్తకంలో రాజు "చిలుకను పిలవండి" అంటాడు. చిలుక ఎగురుకుంటూ వచ్చి నిజం చెబుతుంది, గిన్నెలో పాలు తాగుతుంది, అందరూ కలిసి గంతులేస్తారు. అది పిల్లల కోసం మార్చిన ముగింపు. పాత పుస్తకంలో చిలుక లేదు. పాత పుస్తకంలో ఆ గిన్నెలో ఉన్నది విషం.

పెద్ద నటుడు ఆ గొంతు మీద ఇరవై రెండేళ్లు బతికినవాడు. మాట చెవిన పడగానే బుర్ర అడగలేదు, ఒళ్లు కదిలిపోయింది. "ఆ గిన్నె ఇలా తెండి!" అన్నాడు, హాలు దద్దరిల్లేలా. సేవకుడి వేషగాడు బిత్తరపోయి చిలుక పాల గిన్నె తెచ్చిచ్చాడు. తాతయ్య తర్వాతి మాట విసిరాడు. రాజు అందుకున్నాడు. కన్నకూతుర్ని అనుమానించిన తండ్రికి ఇక ఈ నేల మీద చోటు లేదన్నాడు. బిడ్డను కాదన్న నోటితో ఇక అన్నం తిననన్నాడు. గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. మోకాళ్ల మీద కూలాడు. యువరాణి వేసిన అమ్మాయి నిజంగానే కెవ్వున అరిచింది, ఎందుకంటే ఆమెకి ఇదంతా కొత్త. రాజు ఆమె పాదాల మీద చెయ్యి పెట్టి, ఒక్కసారి వణికి, ప్రాణం విడిచాడు.

సరిగ్గా అప్పుడు చిలుక వచ్చింది. పాపం వేషం లోపల చెవులు వినబడవు. ఆకుపచ్చ రెక్కలు ఆడిస్తూ స్టేజీ మధ్యకి గెంతి, శవం పక్కన నిలబడి, అలవాటు ప్రకారం ముక్కు తెరిచింది.

"అందరూ సంతోషంగా ఉన్నారు కదా పిల్లలూ!"

మూడొందల మంది ఒక్కసారి ఏడ్చారు. "చిలక పాలు తాగి రాజు చచ్చిపోయాడు!" అని ఎవడో మొదటి వరసలోంచి బావురుమన్నాడు. పాల సీసాలు సీట్ల కింద దొర్లాయి. "నాకు పాలొద్దు, పాలొద్దు" అని ఒకటే గోల. పిడుగు తల్లి రిసెప్షన్‌లో ఉన్నట్టే లేచి నిలబడి, "ఏం కాదమ్మా, ఏం నొప్పుండదు, రాజుగారికి ఏం నొప్పుండదు" అని చుట్టూ ఉన్న పిల్లలందరికీ చెప్పసాగింది. పరదా దిగిపోయింది.

ఏడవనిది పిడుగు ఒక్కతే. "భలే అందించావు తాతయ్యా," అంది.

నిమిషంలో మేనేజరు హాల్లోకి దిగాడు. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. వెంట పదిమంది తల్లిదండ్రులు, అందరి చేతుల్లోనూ ముద్ర పడని కార్డులు.

"ఎవరది? రాజు చెవి ఒగ్గింది ఈ వరస వైపే. అందించింది ఎవరు? పిల్లల ఆటలో చావు పెట్టిందెవరు?"

అందరి కళ్లూ చేతిలో దగ్గు బిళ్ల పట్టుకుని కూర్చున్న ముసలాయన మీద పడ్డాయి. అక్కడి నుంచి మెల్లగా పక్కసీటు మీదికి జరిగాయి. మేనేజరు పిడుగు తండ్రిని అడిగాడు.

"ఈయన మీ తాలూకేనా?"

ఒక్క క్షణం. ఇందాక దణ్ణం పెట్టిన చేతులే. అతను కాలరు సర్దుకున్నాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మాకు తెలీదండీ. ఎవరో."

నాకు కోపం వచ్చింది. మీకూ వచ్చి ఉంటుంది. అక్కడ కోపం రానిది ఒక్క తాతయ్యకే. ఆయన కొడుకు మొహం వంక చూడలేదు, కాళ్ల వంక చూశాడు. పిడుగు మాత్రం తండ్రిని నోరు తెరుచుకుని చూసింది, ఆ కాలరూ, ఆ మొహం తిప్పుకోవడమూ, అన్నీ. తల్లి ఏదో అనబోయి, చేతిలో కార్డు చూసుకుని, మింగేసింది.

మేనేజరు సీట్ల కాగితం విప్పాడు. "తెలీకపోవడమేంటండీ? ఈ నాలుగు సీట్లూ ఒకే పాస్ మీద వేయించినవి. పాస్ ఈయనది. ఈయనెవరో మీకు తెలీకపోతే మీరిక్కడికి ఎలా వచ్చారు?"

"అంటే... అది... మేము..." అని తండ్రి ఆగిపోయాడు.

"గుమ్మం దగ్గర కలిశామండీ," అని వినిపించింది. తాతయ్యే. మెల్లగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా. "టికెట్లు దొరక్క నిలబడి ఉన్నారు. చంటిపిల్ల ఉంది కదా అని నేనే లోపలికి రమ్మన్నాను. తప్పంతా నాదే. వాళ్లకేం సంబంధం లేదు."

ముప్పై ఒక్క ఏళ్లలో ఎందరికో మాట అందించాడు. కన్నకొడుకు తనని కాదనడానికి కూడా మాట చాలక ఆగిపోతే, అదీ ఆయనే అందించాడు. కొడుకు అది అందుకున్నాడు కూడా. "అవునండీ, గుమ్మం దగ్గర కలిశాం" అన్నాడు.

మేనేజరు తాతయ్య చెయ్యి పట్టుకుని లేపబోయాడు. అంతలో పరదా కింద నుంచి దూరి, రంగు చెరిగిన మొహంతో, గడ్డానికి పాలతో, రాజు కిందికి దూకాడు.

"ఆ గొంతు ఎవరిది? ఎక్కడ ఆయన?" అని అరుస్తూ వరసలు తోసుకొచ్చి, తాతయ్యని చూసి అక్కడే కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకున్నాడు. "మీరేనా గురువుగారూ! తొమ్మిదేళ్లుగా చిలకతో కలిసి గంతులేస్తున్నానండీ నేను. ఇవాళ మనిషిలా చచ్చాను."

"బాగా చచ్చావు నాయనా," అన్నాడు తాతయ్య. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మొహం కూడా చాలా బాగా పెట్టావు. ఇన్నేళ్లూ నాకు తెలీదు."

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఏడుస్తున్న పిల్లల్ని ఒక చేత్తో ఎత్తుకున్న తల్లులు కూడా రెండో చేత్తో తొడ మీద కొట్టారు. మేనేజరు పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. ఊరి జనం టికెట్లు కొనేది ఆ పెద్ద నటుడి మొహం చూసి. ఆ మొహం తాతయ్య మోకాళ్ల మీద ఉంది.

"కానీ సార్, ఆట పూర్తవలేదు కదా," అన్నాడు నసుగుతూ. "ముద్రలు..."

"పూర్తవకపోవడమేంటయ్యా? నేను చచ్చిపోయాను కదా! ఇంకేం పూర్తవాలి?" అన్నాడు రాజు. "అందరికీ వెయ్యి. మొదటి ముద్ర గురువుగారి కుటుంబానికి. ఏరీ వాళ్లు? ఫొటో తీయించాలి."

ఆ మాట చెవిన పడిందో లేదో పిడుగు తండ్రి ముందుకి ఉరికాడు. ఒక చేతిలో పెళ్లాం దగ్గర లాక్కున్న కార్డు, రెండో చేత్తో కాలరు.

"మేమేనండీ! నేను వీళ్లబ్బాయిని! సొంత అబ్బాయిని!"

మేనేజరు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "ఇందాక గుమ్మం దగ్గర కలిశామన్నారు కదండీ?"

హాల్లో నవ్వు లేచింది. మేనేజరు వంగి పిడుగునడిగాడు. "నువ్వెవరి తాలూకమ్మా?"

"తాతయ్య తాలూకు," అంది పిడుగు.

కార్డు ఆ పిల్ల చేతికిచ్చి, ముద్ర తాతయ్య చేతికిచ్చి వేయించారు. ఫొటోలో ముగ్గురున్నారు: తాతయ్య, పిడుగు, చచ్చి లేచిన రాజు. తండ్రి కార్డు తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. ముద్ర గుండ్రంగా, చెదరకుండా పడింది. "హమ్మయ్య, మొత్తానికి పనైపోయింది," అన్నాడు పెళ్లాంతో. అతని లెక్కలో ఆ రోజు జరిగింది అదే.

ఇంటికొచ్చాక తాతయ్య కోటు విప్పి మళ్లీ బీరువా అడుగున పెట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరు మాట మధ్యలో ఆపినా అది అక్కడే ఉండిపోయింది. "ఆ ఇది ఎక్కడ పెట్టాను, అదే..." అని కోడలు ఆగింది. పక్క గదిలోంచి ఏమీ రాలేదు. "రేపు పొద్దున్నే మనం..." అని కొడుకు ఆగాడు. ఏమీ రాలేదు. వాళ్లకి అదేమిటో తెలియలేదు కానీ ఇల్లు బోసిపోయినట్టనిపించింది. ఒకసారి కొడుకు గుమ్మం దాకా వెళ్లి, "నాన్నా, ఇందాక అక్కడ నేను... అంటే ముద్ర కోసం..." అని నిలబడ్డాడు. తాతయ్య వింటూ కూర్చున్నాడు. చాలాసేపు చూసి, అతను లైటు ఆపేసి వచ్చేశాడు.

సోమవారం తొమ్మిదింటికి నలుగురూ ప్రిన్సిపాల్ గదిలో ఉన్నారు. పెద్దవాళ్లని కూడా పిల్లల కుర్చీల్లోనే కూర్చోబెట్టడం ఆ బడి పద్ధతి. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే తండ్రి కొత్త చెప్పులేసుకున్న కాళ్లు చాపి కూర్చుని, కార్డు బల్ల మీద పెట్టి, మూడు ముద్రలూ పైకి కనబడేలా సర్దాడు.

"ప్రశ్నలు పాపకే," అంది ప్రిన్సిపాల్. "మీరెవరూ మాట్లాడకూడదు. చూడమ్మా, నీతో వచ్చినవాళ్లెవరో నాకు చెప్తావా?"

"ఈవిడ మా అమ్మ," అంది పిడుగు. "పళ్లు పీకేవాళ్ల దగ్గర పని. ఈయన మా తాతయ్య. ప్రాంప్టర్."

"చాలా బాగుంది. మరి ఈయన?"

పిడుగు తండ్రి వైపు తిరిగింది. అతను నవ్వు సిద్ధం చేసుకున్నాడు. ఆ పిల్ల గౌను మెడ దగ్గర రెండు వేళ్లతో సర్దుకుంది, మొహం పక్కకి తిప్పుకుంది. అచ్చం అదే గొంతు, అదే విసుగు.

"మాకు తెలీదండీ. ఎవరో."

తల్లి కార్డు వంకే చూస్తోంది. తండ్రి కాలరు సర్దుకుంటూ "అది... పాప... నేను..." అన్నాడు. సాయం కోసం పక్కకి, తన తండ్రి వైపు చూశాడు. కొత్త చెప్పులో అతని కుడికాలి బొటనవేలు పైకి లేచింది.

తాతయ్య చూశాడు. ఆ చోట చెప్పాల్సిన మాట ఆయనకి తెలుసు. "మా నాన్న" అన్నంత చిన్న మాట. పెదాలు కదిలాయి కూడా. మళ్లీ మూసుకుని, జేబులోంచి దగ్గు బిళ్ల తీసి నోట్లో వేసుకున్నాడు.

ప్రిన్సిపాల్ కార్డు చేతిలోకి తీసుకుంది. ముద్రలు మూడూ చూసింది. అడుగున గీత దగ్గర, "చిన్నారికి ప్రదర్శన కళలను పరిచయం చేసినవారు" అన్నదాని పక్కన, నీలం సిరాలో గుండ్రంగా ఉన్న "తండ్రి" మీద ఆమె వేలు ఆగింది. అతని కాలరు వంకా, పిల్ల గౌను మెడ వంకా ఓసారి చూసింది.

"సీటు ఇస్తున్నాం," అంది. "ఇది మాత్రం నిజమే రాశారు."